తెర మీది పుస్తకం ఎవరిది?

అచ్చు యంత్రం వెనక్కు తగ్గి తెర ముందుకు వచ్చినందుకు కన్నీరు కార్చేవారితో మనకు ఏకీభావం లేదు. కాగితం ధరకు జడిసి సంచికను వాయిదా వేసుకున్న చిన్న పత్రికల చరిత్ర తెలిసినవారెవరూ ఆ విలాపంలో పాల్గొనరు. 1998లో అమెరికాలోని తెలుగువారు ప్రారంభించిన 'ఈమాట' కాగితం లేకుండానే సాహిత్య పత్రికగా నిలబడ్డది. అయితే, తెర వచ్చినంత మాత్రాన సాహిత్యం ప్రజలదైపోయిందనే వాదనను మాత్రం విమర్శకు పెట్టవలసి వున్నది.

అచ్చు పుస్తకం కొన్నవాడు దానికి యజమాని. మిత్రునికి ఎరువిస్తాడు, పాత పుస్తకాల దుకాణంలో అమ్ముతాడు, వూరి గ్రంథాలయానికి యిస్తాడు, ప్రచురణకర్త అడ్డుపడలేడు. కంపెనీకి డబ్బు చెల్లించి దించుకున్న యీ-పుస్తకానికి పాఠకుడు కౌలుదారు మాత్రమే. యిది అలంకారం కాదు. 2009 జూలైలో అమెజాన్ కంపెనీ, తన దుకాణంలో అమ్ముడుపోయిన ఆర్వెల్ నవలలు '1984', 'యానిమల్ ఫార్మ్' ప్రతులను పాఠకుల కిండిల్ పరికరాలలోనుంచి దూరాననుండే తుడిచివేసింది. అమ్మకానికి పెట్టినవారికి హక్కులు లేవన్నది కారణం. డబ్బు తిరిగి యిచ్చారు, తరువాత క్షమాపణా చెప్పారు. ఒక అమెరికన్ విద్యార్థి దావా వేశాడు: అతడు రాసుకున్న నోట్సు మిగిలింది గాని, అది ఏ పేజీని గురించో ఆ పేజీ లేదు. ఆర్వెల్ రాజకీయాలతో మనకెంత పేచీ వున్నా, యీ విద్యార్థి పక్షాన నిలబడక తప్పదు. దొంగ ప్రతి అచ్చయినప్పుడు తగాదా దుకాణంతో వుంటుంది. పాఠకుని అలమరలో చేయి పెట్టడానికి ఎవరూ రారు.

ఏ భాషకు తెర దక్కాలో తేల్చేదీ ఆ కంపెనీయే. 2016 డిసెంబరులో అది భారతీయ భాషల కిండిల్ పుస్తకాలను ప్రకటించింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లు, మలయాళీలు 3.5 కోట్ల లోపు. జనసంఖ్యను బట్టి జరిగిన ఎంపిక కాదన్నది స్పష్టం. పుస్తకం కొనని మన అలవాటును నిందించుకోవచ్చు, నిందించుకోవాలి కూడా. కాని ఒక భాష అర్హతను అంగడి లెక్కలకు వదలిపెట్టడమేమిటి?

దీనికి భిన్నమైన అనుభవమూ మనకున్నది. ప్రభుత్వ సహాయంతో సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది పాత తెలుగు గ్రంథాలను తెర మీదికి తెచ్చింది. కాపీరైటు చిక్కులతో ఆ సైటు మూతపడ్డది. అయినా వాటిలో ఎన్నో నేటికీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయంటే, ఎవరో పూనుకొని ప్రతులు తీసి పెట్టడం వల్లనే.

1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త తన పుస్తకాన్ని కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మరి మూడు గ్రంథాలయాలకూ పంపవలసి వున్నది. ఆ చట్టం రాసిననాడు పుస్తకమంటే అచ్చయినదే. కాగితం మాని తెరకు మారిన పత్రిక, రేపు సర్వర్ అద్దె కట్టలేక ఆగిపోతే, దాని సంచికలను ఎక్కడ వెదకాలి? ఎవరైనా నకలు తీసుకోదగిన ఫైలును గ్రంథాలయాలకు అందజేయాలన్న నిబంధనను మన సంఘాలు యిప్పుడే కోరాలి. మన పత్రికలు మాత్రం అందుకు చట్టం కోసం కాచుకొని కూర్చోనక్కరలేదు.