ఎగ్జిమాకు పథ్యము: ఒక విమర్శ

బిడ్డకు ఎగ్జిమా దురద కనిపించగనే వంకాయ, గ్రుడ్లు, పాలు, వేరుసెనగ మానిపించుట అనేక గృహములలో ఆచారము. ఈ వ్యాధి తనంత తానుగా హెచ్చుచు, తగ్గుచు ఉండును. తగ్గినపుడు కీర్తి పథ్యమునకు దక్కును. హెచ్చినపుడు పథ్యము చెడినదందురు. ఎన్నటికిని ఓడిపోని ఇట్టి వాదము శాస్త్రము కాజాలదు.

ఈ వ్యాధిలో ముఖ్యమైన లోపము చర్మపు పైపొరలో ఉన్నది. ఆ పొరకు బలమిచ్చు ఫిలాగ్రిన్ అను మాంసకృత్తు జన్యులోపముచే కొరవడినచో ఎగ్జిమా కలుగు అవకాశము హెచ్చునని 2006లో తేలినది. బీటలు వారిన పొరగుండా తేమ బయటకు పోవును. ఆహారపు కణములు లోనికి చొచ్చి ఎలర్జీకి దారితీయవచ్చును.

మరి పథ్యము కాపాడునా? లండనులో జరిగిన ఒక ప్రయోగము ఫలితములు 2015లో వెలువడినవి. తీవ్రమైన ఎగ్జిమాగాని, గ్రుడ్డు ఎలర్జీగాని గల 640 మంది శిశువులను తీసికొనిరి. చర్మపరీక్షలో వేరుసెనగకు తీవ్రముగా స్పందించినవారిని ముందే మినహాయించిరి. ఒక వర్గమునకు వేరుసెనగ పదార్థములు తినిపించి, రెండవ వర్గమునకు మానిపించిరి. ఐదవ ఏట చూడగా వేరుసెనగ ఎలర్జీ మానినవారిలో నూటికి 17 మందికి, తిన్నవారిలో 3 మందికి మాత్రమే కలిగినది.

“ప్రకృతిసిద్ధము” అను మాటయు ప్రమాణము కాదు. ఆలివు నూనె చర్మపు పొరను బలహీనపరచునని 2013లో తేలినది. 2014లో వెలువడిన పరీక్షలో కొబ్బరినూనె ఖనిజతైలముకంటె పిల్లలకు మేలు చేసినది. రెండును చెట్టు నుండి వచ్చినవే!

తిన్న వెంటనే దద్దుర్లు లేచినచో వైద్యపరీక్ష తప్పదు. పరీక్ష లేని పథ్యము మాత్రము ఎదిగే బిడ్డ పళ్లెమును ఖాళీచేయును, దురదను తీర్చదు.