వానపాము కాదు, పామే

తొలకరి పడగానే మా కళింగపట్నంలో పూలకుండీల కింద, బాత్రూం మూలల్లో నల్లగా సన్నగా ఒక ప్రాణి మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. వానపామని కొందరు వదిలేస్తారు, పాముపిల్లని కొందరు కొట్టేస్తారు. నేను దాన్ని ఆకు మీదికి ఎక్కించి భూతద్దంతో చూస్తాను. పాముల గురించి ఈ అలవాటు నేర్పినంత ఏ పుస్తకమూ నాకు నేర్పలేదు.

వానపాముకు ఒంటినిండా ఉంగరాలు, జిగురు. దీనికి నున్నటి పొలుసులు, నడుం చుట్టూ 20 వరసలు. పొలుసుల అడుగున రెండు నల్లచుక్కలే కళ్లు. తోక కొసన చిన్న ముల్లు. జానెడు పొడవైనా ఉండదు, విషం లేదు. చీమల, చెదపురుగుల గుడ్లూ పిల్లలే దీని తిండి. ఇదే గుడ్డిపాము.

దీన్ని శాస్త్రలోకానికి చూపించింది మన ఉత్తరాంధ్ర తీరమే. 1780ల్లో విశాఖపట్నంలో ఉన్న ప్యాట్రిక్ రసెల్ ఇక్కడి పాములను సేకరించి, 1796లో వెలువడిన తన గ్రంథంలో దీని బొమ్మ వేయించాడు. స్థానికులు చెప్పిన ‘రెండు తలల పాము’ అన్న పేరే దాని పక్కన రాశాడు. ఆ వర్ణన ఆధారంగా 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త డౌడిన్ దీనికి ‘బ్రామినస్’ అని పేరు పెట్టి, ఇసుక బోవాల ప్రజాతిలో చేర్చాడు. ఆ తర్వాత ప్రజాతి పలుమార్లు మారింది. 2014లో బ్లెయిర్ హెడ్జెస్ బృందం జన్యువులను పోల్చి దీన్ని ‘ఇండోటిఫ్లాప్స్’లో, దక్షిణ అమెరికా బంధువులను ‘అమెరోటిఫ్లాప్స్’లో పెట్టింది.

ఆ బంధువుల్లో ఒకటి, 1976లో వాంజోలిని పేరుపెట్టిన ‘బ్రాంగర్స్మియానస్’, ట్రినిడాడ్ నుంచి అర్జెంటీనా దాకా తన సొంత నేలలోనే ఉంటుంది. మనది అలా కాదు. ఇందులో అన్నీ ఆడవే, జోడు లేకుండానే గుడ్లు పెడతాయి. మొక్క వేళ్ల మట్టిలో ఒక్కటి చేరినా కొత్తచోట సంతతి మొదలవుతుంది. అలా నర్సరీ మొక్కల వెంట ఫ్లోరిడా, హవాయి, మెక్సికో చేరింది. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లో ఇప్పుడిది ఉంది.

అందుకే వర్గీకరణ ఉత్త పేర్ల పని కాదంటాను. ఏ పాము ఆ నేలదో, ఏది మనుషుల వెంట వచ్చిందో తేల్చాలంటే ముందు దాన్ని సరిగా గుర్తుపట్టాలి. గుర్తింపు తప్పితే వ్యాప్తి పటమూ తప్పుతుంది.

ఈ వానాకాలం మీ ఇంట్లో గుడ్డిపాము కనిపిస్తే కొట్టకండి. కాగితం మీదికి తీసుకుని పిల్లలకు పొలుసులు చూపించండి, తర్వాత తడిమట్టిలో వదిలేయండి.