‘ఊపిరి’ చిత్రంలో కనిపించని ఊపిరి: దింపు కార్మికుని కోణం

వంశీ పైడిపల్లి ‘ఊపిరి’ (2016) 2011 నాటి ఫ్రెంచి చిత్రం ‘ది ఇన్‌టచబుల్స్’కు పునర్నిర్మాణం. పారాగ్లైడింగ్ ప్రమాదంలో మెడ కింది భాగమంతా చచ్చుబడిన సంపన్నుడు విక్రమాదిత్య(నాగార్జున)కు శీను(కార్తి) సాహచర్యం ఊపిరి పోస్తుంది. ఇక్కడ ఊపిరి జీవితేచ్ఛకు ప్రతీక. విక్రమాదిత్య వెంటిలేటర్ లేకుండానే మాట్లాడతాడు; అంటే అతని ఉదరవితానం పనిచేస్తూనే ఉంది.

దానిని కదిలించే ఫ్రెనిక్ నాడి మెడలోని 3, 4, 5 వెన్నునాడుల నుండి పుడుతుంది. వెన్నుపాములో ఆ చోటనే దెబ్బ తగిలి నాడీకణాలు నశిస్తే, ఆ నాడికి విద్యుత్ ప్రేరణ ఇచ్చినా ఫలితముండదు. అప్పుడు పక్కటెముకల మధ్య నాడిని తెచ్చి ఫ్రెనిక్ నాడికి కుట్టి, పేస్‌మేకర్ అమర్చే శస్త్రచికిత్స ఒకటున్నది. కుట్టిన నాడి పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. అన్ని నెలలూ వెంటిలేటరే ఊపిరి.

కోనసీమ కొబ్బరితోటలో నిలబడి చూస్తే చిత్రంలోని వర్గసంబంధం తలకిందులవుతుంది. తెరపై పడేది ధనికుడు, ఆదుకునేది పేదవాడు. రాజోలు, అమలాపురం ప్రాంతాలలో చెట్టు మీది నుండి పడేది దింపు కార్మికుడు. జీతమిచ్చి శీనును పెట్టుకోగల స్తోమత అతనికెక్కడిది? వైకల్యాన్ని జాలి కోరకుండా చూపడం ఈ చిత్రం సాధించిన విజయమే. అయితే కథానాయకుని సంపద ఊపిరి ఖరీదును కథలో నుండే తుడిచివేసింది.