ఉప్పు పండించే చేతులు

వరి రైతు వాన కోసం ఆకాశం చూస్తాడు. ఉప్పు రైతు వాన రాకూడదని చూస్తాడు. శ్రీకాకుళం జిల్లా నౌపడలోనో, బాపట్ల జిల్లా చినగంజాంలోనో ఎండాకాలం ఉప్పు మడుల గట్టున కాసేపు నిలబడండి. ఎంత సూక్ష్మమైన రసాయనశాస్త్రం ఆ మడుల్లో నడుస్తోందో తెలుస్తుంది.

లీటరు సముద్రపు నీటిలో కరిగిన లవణాలు సుమారు 35 గ్రాములు. నీరు ఆవిరయ్యేకొద్దీ, తక్కువ కరిగే గుణమున్నవి ముందుగా అడుగుకు దిగుతాయి: మొదట కాల్షియం కార్బొనేట్, ఆపైన జిప్సం. నీరు దాదాపు పదో వంతుకు తగ్గి, బామే కొలతలో చిక్కదనం 25 డిగ్రీలకు చేరాకే తినే ఉప్పు గింజకడుతుంది. అందుకే నీటిని మడి నుంచి మడికి మళ్లిస్తారు. జిప్సం చాలావరకు వెనక మడుల్లోనే ఉండిపోతుంది. 30 డిగ్రీలు సమీపిస్తే మెగ్నీషియం లవణాల చేదు ఉప్పుకు అంటుకుంటుంది. ఆ నీటిని ముందే వదిలేయాలి.

ఎప్పుడు ఆపాలో తెలియడమే ఇందులో నేర్పు. ఒక్క అకాల వర్షం చాలు, కట్టిన గింజ మళ్లీ నీరైపోతుంది.

ఉప్పు తిన్న విశ్వాసం అంటాం కదా, అది ముందు ఈ చేతులకే చెల్లాలి.