షరతు వాక్యాలు: మూడు సూత్రాల పట్టిక ఎంతవరకు సరిపోతుంది?

1. పరిచయం

ఆంగ్ల వ్యాకరణ పుస్తకాలు చాలావరకు షరతు వాక్యాలను మూడు రకాలుగా బోధిస్తాయి. మొదటి రకంలో ‘ఇఫ్’తో మొదలయ్యే ఉపవాక్యంలో వర్తమాన రూపం, ప్రధాన వాక్యంలో ‘విల్’ వస్తాయి. రెండో రకంలో భూతకాల రూపం, ‘వుడ్’ వస్తాయి. మూడో రకంలో ‘హ్యాడ్’తో కూడిన రూపం, ‘వుడ్ హావ్’ వస్తాయి. ఈ పట్టికను మీలో చాలామంది కంఠస్థం చేసే ఉంటారు. ఖాళీలు పూరించడానికి అది పనికివస్తుంది. సొంత వాక్యం రాయవలసి వచ్చినప్పుడు మాత్రం ఏ రకం వాడాలో అది చెప్పదు. ఆ లోపాన్ని ఇక్కడ పరిశీలిద్దాం.

2. కాలమా, దూరమా?

ఈ వాక్యం చూడండి: ‘ఇఫ్ ఐ హ్యాడ్ టైమ్ టుడే, ఐ వుడ్ గో టు ది లైబ్రరీ.’ ‘హ్యాడ్’ భూతకాల రూపం. ‘టుడే’ అంటే ఈ రోజు. ఈ రెండూ ఒకే వాక్యంలో ఎలా ఇమిడాయి? ఇక్కడ భూతకాల రూపం గడిచిన కాలాన్ని చెప్పడం లేదు. తీరిక లేదనీ, చెబుతున్నది ఊహ మాత్రమేననీ సూచిస్తోంది. డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ (1860–1943) ఇలాంటి ప్రయోగాలను ఊహను తెలిపే భూతకాల రూపాలుగా గుర్తించాడు. పట్టిక ఈ కారణాన్ని వదిలేసి రూపాన్ని మాత్రమే చూపుతుంది.

3. తెలుగులో ఈ తర్కం లేదా?

ఉంది. ‘చిన్నప్పుడు రోజూ చెరువుకు వెళ్ళేవాణ్ణి’ అంటే గతంలోని అలవాటు. ‘తీరిక ఉంటే ఇవాళ లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి’ అంటే వెళ్ళడం లేదని అర్థం. గతానికి వాడే రూపాన్నే మనం ఊహకూ వాడుతున్నాం. ఆంగ్లంలో ‘వుడ్’ కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. అంటే రెండో రకం వాక్యంలోని తర్కం మీకు ఇంటి భాషలోనే తెలుసు.

తేడా ఒక్కచోట ఉంది. ఈ రెండు వాక్యాలు పోల్చండి:

తీరిక ఉంటే వెళ్తాను.
తీరిక ఉంటే వెళ్ళేవాణ్ణి.

‘ఉంటే’ అనే చేదర్థక రూపం రెండింటిలోనూ ఒకటే. మారింది చివరి క్రియ మాత్రమే. ఆంగ్లం అలా కాదు, రెండు చోట్లా గుర్తు పెడుతుంది: ‘ఇఫ్ ఐ హావ్ – ఐ విల్’, ‘ఇఫ్ ఐ హ్యాడ్ – ఐ వుడ్’. తెలుగు అలవాటుతో రాసేవారు ‘ఇఫ్ ఐ హావ్ టైమ్, ఐ వుడ్ గో’ అని సగం మాత్రమే మార్చే అవకాశం ఎక్కువ. దీనికి సూత్రాన్ని మళ్ళీ వల్లె వేయడం మందు కాదు. ‘ఉంటే’ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇది జరిగేదా, ఊహేనా అని ప్రశ్నించుకోవాలి.

జరిగిపోయినదానిపై ఊహ అయితే ఆంగ్లం మరో మెట్టు వెనక్కి వెళ్తుంది. ‘నువ్వు చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి’ అన్నదానికి ‘ఇఫ్ యూ హ్యాడ్ టోల్డ్ మి, ఐ వుడ్ హావ్ కమ్’ అనాలి.

4. పట్టికలో ఇమడనివి

‘ఇఫ్ హి ఈజ్ స్లీపింగ్, డోంట్ వేక్ హిమ్’ అనే వాక్యంలో ‘విల్’ లేదు. ‘ఇఫ్ ఐ హ్యాడ్ టేకెన్ దట్ జాబ్, ఐ వుడ్ బి ఇన్ ఢిల్లీ నౌ’ అనే వాక్యంలో షరతు గతానిది, ఫలితం ఇప్పటిది. రెండూ సరైన వాక్యాలే. పట్టికను మాత్రమే నమ్మిన విద్యార్థి వీటిని తప్పులుగా కొట్టేస్తాడు.

5. ఎంపిక వల్ల వచ్చే తేడా

ఉద్యోగ దరఖాస్తులో ‘ఇఫ్ ఐ యామ్ సెలెక్టెడ్, ఐ విల్ జాయిన్ ఇమీడియట్లీ’ అని రాస్తే ఎంపిక జరగవచ్చన్న భావన ఉంటుంది. ‘ఇఫ్ ఐ వర్ సెలెక్టెడ్, ఐ వుడ్ జాయిన్’ అని రాస్తే ఆ అవకాశాన్ని మీరే దూరంగా నెట్టినట్టు ధ్వనించవచ్చు. ‘వుడ్’ మర్యాదను తెలుపుతుందన్నది నిజమే. కానీ ఇక్కడ దానితోపాటు సందేహం కూడా చేరుతుంది. వ్యాకరణం తప్పు కాకపోయినా, మీరు చెప్పదలచుకున్నది మారిపోతుంది.

6. సారాంశం

పట్టికను పారేయనక్కరలేదు. దాన్ని రెండో స్థానంలో ఉంచండి. ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది జరిగే అవకాశం ఉన్నదా, ఊహా? ఊహ అయితే, ఇప్పటి సంగతా, గడిచినదా? జవాబు తెలిస్తే రూపం దానంతట అదే దొరుకుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

కింది వాక్యాలను ఆంగ్లంలోకి మార్చండి. ప్రతిదానిలోనూ ఏ రూపాన్ని ఎందుకు ఎంచుకున్నారో ఒక్క వాక్యంలో రాయండి.

అ) బస్సు దొరికితే సాయంత్రానికి వస్తాను.
ఆ) నాకు ఈత వస్తే ఇప్పుడే ఏట్లోకి దిగేవాణ్ణి.
ఇ) నిన్న ఫీజు కట్టి ఉంటే ఇవాళ పరీక్ష రాస్తూ ఉండేదాన్ని.