ఫారానికీ పెట్టాలి పరీక్ష

పిల్లల మనసు ఎలా ఉందో తెలుసుకుందామని బడుల్లో ప్రశ్నల ఫారాలు పంచుతున్నారు. మంచిదే. మార్కుల గురించి తప్ప మరేదీ అడగని చోట ‘నువ్వెలా ఉన్నావు’ అని అడగడమే గొప్ప. అయితే అలాంటి ఫారాల మంచిచెడ్డలు చూడటం నా పని కనుక, ఏది చేతికొచ్చినా ముందు ఒకటే అనుమానం వస్తుంది: పిల్లల్ని కొలిచే ఈ కాగితాన్ని ఎవరైనా కొలిచారా?

చాలా దేశాల్లో వాడే ఎస్‌డీక్యూ అనే ఫారాన్నే తీసుకోండి. దాన్ని బ్రిటన్‌లో పిల్లల మానసిక వైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించారు. మొత్తం 25 వాక్యాలు. దిగులు, దుడుకుతనం, నిలకడలేమి, తోటిపిల్లలతో చిక్కులు... ఈ నాలుగు భాగాలూ కలిపి 40 మార్కులు. ఎన్ని ఎక్కువ వస్తే అంత ఇబ్బంది ఉన్నట్టు. ఇతరులకు సాయపడే గుణం అయిదో భాగం. దాన్ని మాత్రం ఈ లెక్కలో కలపరు. ఆ ఏర్పాటు నాకు నచ్చుతుంది. పదిమందికి సాయపడే పిల్లవాడైనా లోపల కుమిలిపోతూ ఉండొచ్చు కదా!

ఈ ఫారాన్ని తల్లిదండ్రులకూ, టీచర్‌కూ ఇస్తారు. 11 ఏళ్లు నిండిన పిల్లలైతే తామే నింపుతారు. ముగ్గురి జవాబులూ కలవకపోతే ఎవరో అబద్ధం చెప్పారని కంగారు పడతాం. అక్కర్లేదు. థామస్ అకెన్‌బాక్, ఆయన సహచరులు ఎన్నో అధ్యయనాలను కలిపి, అలా కలవకపోవడం మామూలేనని 1987లో తేల్చారు. పూర్తి పొంతనకు 1 అనుకుంటే, తల్లీ తండ్రీ మధ్య, లేదా ఇద్దరు టీచర్ల మధ్య సగటున 0.60 వచ్చింది. తల్లిదండ్రులు, టీచర్ వంటి వేర్వేరు స్థానాలవారి మధ్య 0.28. పిల్లలు తమ గురించి చెప్పుకున్నదానికీ, ఇతరులు వాళ్ల గురించి చెప్పినదానికీ మధ్య 0.22 మాత్రమే. ఇంట్లో నోరు మెదపని అమ్మాయి క్లాసులో గలగలా మాట్లాడుతుంది. రెండూ నిజమే. ఆ తేడాను సగటు తీసి చెరిపేస్తే తెలుసుకోవలసిన విషయమే పోతుంది.

ఇక అసలు చిక్కు, ఎన్ని మార్కుల దగ్గర గీత గీయాలన్నది. ఒక లెక్క వేద్దాం. వెయ్యిమంది పిల్లల్లో నిజంగా సాయం కావలసినవాళ్లు 100 మంది అనుకోండి. ఫారం వాళ్లలో 80 మందిని గీత దాటినవాళ్ల జాబితాలో పట్టుకుంది. బాగున్న 900 మందిలోనూ నూటికి 80 మందిని బాగున్నారనే చెప్పింది. మంచి ఫారమే అంటాం. అయినా బాగున్నవాళ్లలో 180 మంది పేర్లు జాబితాకెక్కాయి. మొత్తం 260 పేర్లలో మూడింట రెండు వంతులకు పైగా అనవసరంగా చేరినవే. పైగా సాయం కావలసిన 20 మంది కంటికి ఆనలేదు.

అందుకే ఆ మార్కు జబ్బు పేరు కాదు, ‘ఈ పిల్లతో ఒకసారి కూర్చుని మాట్లాడండి’ అన్న సూచన. గీత దాటని పిల్లలంతా క్షేమమనీ కాదు. పైగా ఆ మార్కు పిల్లలు దాచకుండా చెప్పినదాన్ని బట్టే; పేరు రాయించి, క్లాస్ టీచర్ చేతే వసూలు చేయిస్తే ఏ పిల్లలు మనసు విప్పుతారు?

మీ పిల్లల బడి నుంచి ఇలాంటి ఫారం వస్తే సంతకానికి ముందు రెండు మాటలు అడగండి. ఈ జవాబులు ఎవరు చూస్తారు? గీత దాటిన పిల్లలతో ఎవరు మాట్లాడతారు? రెండో ప్రశ్నకు జవాబు లేని బడి ముందు ఒక కౌన్సెలర్‌ను పెట్టుకోవాలి. ఫారాలు ఆ తర్వాతే.