మొదటి స్వరానికి ముందు

ఫ్రాన్సు తూర్పు కొసన, స్విట్జర్లాండ్ సరిహద్దుకు దగ్గర్లో బెజాన్సోన్ అనే ఊరుంది. దూ నది ఆ పాత ఊరిని గుర్రపు నాడాలా చుట్టుకుని పోతుంది. విక్టర్ హ్యూగో పుట్టింది అక్కడే, సినిమాను లోకానికి చూపించిన లూమియేర్ సోదరులు పుట్టిందీ అక్కడే. తరతరాలుగా ఆ ఊరికి అన్నం పెట్టింది మాత్రం గడియారాల పని. 1948లో అక్కడ ఒక సంగీతోత్సవం మొదలైంది. రుమేనియా పియానో విద్వాంసుడు దిను లిపాతి ప్రాణం తీస్తున్న జబ్బుతోనే 1950 సెప్టెంబరులో తన ఆఖరి కచేరీ చేసింది ఆ ఉత్సవంలోనే. మరుసటి ఏడు, 1951లో, యువ కండక్టర్లకు అక్కడ ఒక పోటీ పెట్టారు. అది నేటికీ నడుస్తోంది.

కండక్టర్ అంటే తెలుగువాళ్లకు ముందు బస్సే గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది పాశ్చాత్య వాద్యబృందం ఎదుట, శ్రోతలకు వీపు పెట్టి, సన్నని పుల్ల ఒకటి పట్టుకుని నిలబడే మనిషి గురించి. వేదిక మీద ఎనభై మంది వాయిస్తూ ఉంటే ఏ శబ్దమూ చేయని వాడు అతనొక్కడే. శబ్దమే చేయని మనిషికి సంగీతంలో పోటీ పెట్టి ఏం చూస్తారు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. ఇలాంటి పోటీల వీడియోలు చూడగా చూడగా నాకు దొరికిన జవాబు ఒకటే. చూసేదంతా మొదటి స్వరానికి ముందరి ఆ అర క్షణంలోనే ఉంది.

చేత్తో కాలాన్ని లెక్కపెట్టడం మనకు కొత్త కాదు. ఆది తాళానికి ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బా విసురూ రెండుసార్లు. కచేరీలో ముందు వరుస పెద్దాయన తొడ మీద వేసేది అదే. కండక్టరు నాలుగు దెబ్బల లెక్క కూడా చూపుకి దానికి చుట్టమే. చెయ్యి కిందికి, ఎడమకు, కుడికి, పైకి కదులుతుంది. కానీ అసలు తేడా ఒకటుంది. మన తాళం పాటతో పాటు పడుతుంది. కండక్టరు చెయ్యి పాటకన్నా ముందుండాలి. ఎనభై మంది ఒక్కసారిగా ఎత్తుకోవాలంటే ఎప్పుడు, ఎంత వేగంతో, ఎంత గట్టిగా అన్నది వాళ్లకు ముందే తెలియాలి. అందుకే మొదటి దెబ్బకు ముందు చెయ్యి ఒకసారి పైకి లేస్తుంది. ఆ లేవడంలో ఉన్న వేగమే పాట కాలం. ఎంత ఎత్తు లేచిందన్నదే ధ్వని పరిమాణం. పదునుగా లేచిందా, మెత్తగా లేచిందా అన్నది స్వరం ఎలా పలకాలో చెబుతుంది. గాలి వాద్యాలవాళ్లు ఆ కదలికతోనే ఊపిరి పీలుస్తారు. చెయ్యి ఊపిరి తీయకపోతే వాళ్లకూ ఊపిరి అందదు.

బీథోవెన్ ఐదో సింఫనీ మొదలు అందరికీ తెలిసిందే, మూడు పొట్టి స్వరాలు, ఒక పొడుగు స్వరం. రాతలో చూస్తే అంతకు ముందు చిన్న నిశ్శబ్దం ఉంది. అంటే కండక్టరు దెబ్బ పడేది నిశ్శబ్దం మీద. ఆ దెబ్బను తన్నుకుని స్వరాలు లేవాలి. తాళం పడ్డాక కాస్త ఎడమిచ్చి కృతి అందుకునే గాయకుడికి ఆ కష్టం తెలుసు, కాకపోతే అతను ఒక్కడే. ఇక్కడ అంతమంది ఒకే గుండెతో ఆ ఎడాన్ని దాటాలి. చెయ్యి ఏమాత్రం తొణికినా మొదటి స్వరమే చెదిరిపోతుంది. చెదిరిన ఎత్తుగడను దాచుకోవడానికి చోటుండదు.

ఈ పనితనాన్ని తలుచుకుంటే నాకు 1959 నాటి బెజాన్సోన్ గుర్తొస్తుంది. ఆ ఏడు మొదటి బహుమతి అందుకున్నది ఇరవై నాలుగేళ్ల జపాన్ కుర్రాడు సెయిజీ ఒజావా. పియానో నేర్చుకుంటూ రగ్బీ ఆటలో వేళ్లు విరగ్గొట్టుకున్నాక కండక్టింగ్ వైపు మళ్లాడు. సరుకు ఓడ ఎక్కి, వెంట ఒక స్కూటరూ గిటారూ పెట్టుకుని ఫ్రాన్సు చేరాడు. పోటీకి దరఖాస్తు గడువు అప్పటికే దాటిపోయింది. పట్టు వదలకుండా తిరిగి, అమెరికా రాయబార కార్యాలయంవాళ్ల సాయంతో లోపలికి అడుగుపెట్టాడు. ఇంతవరకూ కథ. నాకు ఇంతకన్నా ముఖ్యమనిపించేది అతని చేతుల వెనకున్న గురువు.

ఆ గురువు హిదెయో సైతో చెల్లో వాద్యకారుడు. టోక్యోలో కూర్చుని, కండక్టరు చేతి కదలికలను ఒక్కొక్కటిగా విడదీసి పేర్లు పెట్టి 1956లో పుస్తకంగా అచ్చువేశాడు. అందులో మొట్టమొదటిది 'తతాకి', అంటే కొట్టడం. భుజంలో బిగువు తీసేసి చేతిని దాని బరువుకే వదిలేయాలి. బంతి కింద పడుతూ వేగం పెంచుకున్నట్టు చెయ్యి పడాలి, ఒక బిందువు దగ్గర తగిలి తనంతట తానే పైకి ఎగరాలి. బంతి ఎప్పుడు నేల తాకుతుందో చూసేవాడికి ముందే తెలుస్తుంది కదా, దెబ్బ ఎప్పుడు పడుతుందో వాద్యకారుడికీ అంతే తేటగా తెలుస్తుంది. నిజానికి ఇది సంగీతం కాదు, బరువు ఎలా పడుతుందన్న జ్ఞానం. శిష్యులు సంగీతం మొదలుపెట్టక ముందు ఇదే సాధన చేసేవారు. మన పిల్లలు సరళీ వరుసలు చేసినట్టే. భాష రాని ఊళ్లో, ముఖాలు తెలియని వాద్యబృందం ముందు ఆ కుర్రాడి మాటకన్నా ముందు మాట్లాడింది ఆ చెయ్యి.

చేతితోనే పని అయిపోదు. కండక్టరు ముందున్న కాగితం మీద ఇరవైకి పైగా వరుసలు ఒకేసారి కదులుతుంటాయి. వాటిలో కొన్ని రాసినట్టు పలకవు. బి ఫ్లాట్ క్లారినెట్‌కు సి అని రాస్తే వినిపించేది బి ఫ్లాట్. ఎఫ్ హార్న్‌కు సి అని రాస్తే వినిపించేది దాని కిందనున్న ఎఫ్. ఇదంతా చదువుతూ, తలలో వింటూ, బయట వినబడుతున్నదానితో పోల్చుకోవాలి. పూర్వం ఇలాంటి పరీక్షల్లో వాద్యకారుల కాగితాల్లో కావాలనే తప్పులు పెట్టేవారు. రెండో హార్న్ అర స్వరం తేడాగా వాయిస్తుంది, అభ్యర్థి ఆపి, ఎవరు ఎక్కడ తప్పారో చెప్పాలి. మేళం మొత్తం హోరెత్తుతుంటే అందులో ఒక్క గొంతు ఏ ఆవర్తంలో పక్కకు జరిగిందో పట్టుకునే చెవి అది.

ఇప్పుడు బెజాన్సోన్ పోటీ రెండేళ్లకోసారి జరుగుతోంది. వడపోత కోసం న్యాయనిర్ణేతలు పలు దేశాల ఊళ్లకు వెళ్తారు. అక్కడ అభ్యర్థి ఎదుట వాద్యబృందం ఉండదు, పియానో వాయించేవాళ్లుంటారు. వందల మందిలోంచి సుమారు ఇరవై మంది బెజాన్సోన్ చేరతారు. తుది పోటీలో ఆ సందర్భం కోసమే రాయించిన కొత్త రచన ఒకటి ఉంటుంది. దానికి రికార్డింగు లేదు, చూసి అనుకరించడానికి పెద్దల బాట లేదు. నాకు ఈ నియమమంటే ఎంతో గౌరవం. అరువు తెచ్చుకున్న అందం అక్కడ పనికిరాదు.

కచేరీకన్నా అభ్యాసం చూడడమే నాకు ఇష్టం. అభ్యర్థికి ఇచ్చేది కొద్ది నిమిషాలు. వాయించేవాళ్లలో అతని వయసుకు మించిన అనుభవం ఉన్నవాళ్లుంటారు. అతను ఏ తప్పు దిద్దుతాడు, ఏది వదిలేస్తాడు? కొందరు నాలుగు ఆవర్తాలకోసారి ఆపి ఉపన్యాసమిస్తారు, వాద్యకారుల కళ్లు కాగితంలోకి దిగిపోతాయి. ఆరితేరినవాడు ఆపడు. రెండోసారి అదే చోటికి వచ్చినప్పుడు ఎడమచెయ్యి కాస్త తెరుస్తాడు, ఓబో గొంతు తనంతట తాను పైకి తేలుతుంది. అప్పుడు అతను తలెత్తి ఆ ఓబో వాద్యకారుణ్ణి ఒక్క చూపు చూస్తాడు. ఈ పోటీలో వాద్యబృందం తనకు నచ్చినవాడికి ఇచ్చే బహుమతి కూడా ఒకటుంది. నన్నడిగితే అన్నిటికన్నా బరువైన తీర్పు అదే.

ఒజావా గెలిచిన ఏడు న్యాయనిర్ణేతల్లో ఉన్న షార్ల్ మున్ష్ అతణ్ణి అమెరికాకు పిలిచాడు. ఆపైన 1973 నుంచి 2002 దాకా బోస్టన్ సింఫనీ ఒజావా చేతుల్లోనే ఉంది. 1982లో యోకో మత్సువో బెజాన్సోన్‌లో మొదటి బహుమతి పొందిన తొలి మహిళ అయింది. 2009 విజేత కజుకి యమాదా ఇప్పుడు బర్మింగ్‌హామ్ వాద్యబృందాన్ని నడుపుతున్నాడు. మన దేశానికీ ఇలాంటి గెలుపు ఒకటుంది, ఊరు మాత్రం వేరు. 1958లో లివర్‌పూల్ పోటీలో గెలిచింది బొంబాయి కుర్రాడు జుబిన్ మెహతా.

కళను పందెంలో కొలవవచ్చా అని అడిగేవారున్నారు. పండిన వయసు ఇచ్చే లోతును పోటీ చూడలేదు, నిజమే. కానీ చేతి పని శుభ్రంగా ఉందో లేదో చూడగలదు. అది లేకుండా లోతుకు దారి లేదు.

ఈ పని రుచి తెలియాలంటే ఫ్రెంచి స్వరకర్త డెబుస్సీ 1894లో వినిపించిన 'ఫాన్ మధ్యాహ్నానికి పూర్వరంగం' (ఫాన్ అంటే పురాణాల్లో సగం మనిషి, సగం మేక అయిన వనదేవత) చూడండి, వినడమే కాదు. ఒంటరి వేణువు మొదలెడుతుంది. మంచి కండక్టరు అక్కడ దాదాపు కదలడు, ఊపిరి ఆ వాద్యకారుడిది. తర్వాత హార్ప్ జారుతుంది, హార్న్ పలుకుతుంది. ఆరో ఆవర్తం పూర్తి నిశ్శబ్దం. ఎవరూ వాయించని ఆ ఆవర్తంలో ఆ చెయ్యి ఏం చేస్తుందో గమనించండి.